సంచులు ఇక్కడ ఇచ్చి వెళ్ళండి

నిన్న సాయంత్రం ఖమ్మంలో మా ఇంటికి దగ్గరలోని సూపర్‌మార్కెట్లో, బిల్లింగు వరసలో ఉన్నవాళ్ళు, ఉన్నవి: నాతో కలిపి పదకొండు మంది, నిండిన బుట్టలు ఎనిమిది, పెరుగు డబ్బా ఒక్కటే పట్టుకొని, ముందుకు పోనిస్తారా అని ఒక్కొక్కరినీ కళ్ళతోనే అడుగుతున్న పెద్దాయన ఒకరు, ఆగిపోయిన కంప్యూటర్లు రెండు, వాటి వెనక కూర్చుని, సర్వర్ డౌన్ ఉన్నది సార్, రెండు నిమిషాలు అని ప్రతి రెండు నిమిషాలకూ చెబుతున్న అమ్మాయి ఒకరు, గోడల మీద కెమెరాలు నాలుగు. ఇలా లెక్కపెట్టడం నాకు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన రోజుల నుంచీ ఉన్న అలవాటు. ఊరికే నిలబడి ఎదురుచూడటం నా వల్ల కాదు, లెక్కపెడుతూ ఉంటే కాళ్ళు కాస్త నిలకడగా ఉంటాయి. నిన్న అది కూడా పనిచేయలేదు. నా వెనక ఒకావిడ ఎవరికో ఫోను చేసి, బస్సు పోతదేమో, జర ఆపమను అని బతిమాలుతుంటే, నా బుట్ట అక్కడే కింద పెట్టి బయటికి వచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ, "పప్పు తెమ్మంటే ఖాళీ చేతులతోటి వచ్చినవ్, ఏంది కథ?" అని అడిగింది. అక్కడ కంప్యూటర్లు ఆగిపోయాయని చెప్పాను. అది నిజమే, కానీ కథ అది కాదు. ఇంట్లో కూర్చోలేక, వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి వచ్చి, ఇది రాయడం మొదలుపెట్టాను.

మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, కిరాణం కొట్టు ముందు నిలబడి చీటీ చదవడం తప్ప వేరే పద్ధతి తెలియని మన ఊళ్ళలోకి, మన సరుకు మన చేత్తో మనమే తీసుకునే కొట్లు వచ్చాయి. కోస్తా నుంచి వచ్చి మిరప వ్యాపారంలో స్థిరపడిన అన్నదమ్ములిద్దరు అలాంటివి ఐదు పెట్టారు. ఖమ్మంలో రెండు, కొత్తగూడెంలో ఒకటి, మణుగూరులో గనుల కాలనీ ఎదురుగా ఒకటి, భద్రాచలం బస్టాండుకు కూతవేటు దూరంలో ఒకటి. ముదిగొండలో మా ఇంటి అరుగు మీద కూర్చుని పాత రేడియోలు విప్పి బిగిస్తున్న నన్ను, వాళ్ళ గోడౌను చూసే మా చిన్న మేనమామ ఆ ఐదో కొట్టుకు పంపించాడు. కంప్యూటర్లు, బార్‌కోడ్ గన్నులు, తూకం మిషను, ఇన్వర్టరు నా బాధ్యత. మేనేజరు ఊళ్ళో లేనప్పుడు కొట్టు కూడా నా బాధ్యతే. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. నాకంటే బాగా ఆలోచించేవాడు ఆ ఊళ్ళో ఉన్నాడని ఎవరైనా చెప్పినా నమ్మేవాడిని కాదు.

ఫిర్యాదుల పుస్తకం కూడా నాకే అప్పగించారు. వచ్చినవాళ్ళు అందులో రాయడం తక్కువ, నా ఎదుట నిలబడి అనడం ఎక్కువ. వాళ్ళు అన్నదాన్ని నేను వరస నంబరు వేసి, రకాలుగా విడగొట్టి, గళ్ళలో రాసేవాడిని. కందిపప్పు అరకిలో ప్యాకెట్టే గానీ పావుకిలో దొరకదు అన్నది ఒక రకం. చిల్లరకు బదులు చాక్లెట్లు చేతిలో పెడుతున్నారన్నది ఇంకొకటి. ఒక రిటైర్డు గని కార్మికుడు ఆ చాక్లెట్లన్నీ నెలంతా జేబులో దాచి, ఒకరోజు గుప్పెడు తీసి కౌంటరు మీద పోసి, "సబ్బు బిళ్ళకు ఇవి సరిపోతయా, ఇంకేమన్న కలపాల్నా?" అని అడిగాడు. గుమ్మం దగ్గర బిల్లుకు చిల్లు పొడవడం తమను దొంగలుగా చూడటమేనని బడి పంతుళ్ళకు కోపం. తూచిన తరువాత పైన ఇంకొంచెం కొసరు వేసే చెయ్యి లేదని ఆడవాళ్ళందరికీ అసంతృప్తి. ప్యాకెట్టును పట్టుకొని, దీని కొసరు ఎక్కడ ఉన్నదో చూపించమని అడిగిన అవ్వకు నేను తూకం మిషను ఎంత ఖచ్చితమైనదో గ్రాములతో సహా వివరించాను. ఆమె పూర్తిగా విని, ప్యాకెట్టు మళ్ళీ అరలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ ఫిర్యాదు ఎదుట, తీసుకున్న చర్య అనే గడిలో, వివరించడమైనది అని రాసుకున్నాను.

అన్నిటికంటే ఎక్కువ గొడవ సంచులతో. లోపలికి సంచి తీసుకుపోనివ్వకూడదు, గుమ్మం పక్కన ఇచ్చి టోకెను తీసుకోవాలి, అక్కడ గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు. పట్నంవాళ్ళకు సంచి అంటే సంచే. దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్ళ నుంచి సంతకు వచ్చే వాళ్ళకు అది ఆ రోజు ఇల్లు. చింతపండు అమ్మిన డబ్బుతో కొన్నవి, దవాఖానా చీటీలు, తెచ్చుకున్న అన్నం గిన్నె, అన్నీ అందులోనే. పైగా అన్నీ ఒకే రకం సంచులు, ఎరువుల బస్తాలు కోసి కుట్టించినవి. సంచుల దగ్గర కూర్చునే అక్క భద్రాచలంలోనే పుట్టి పెరిగిన మనిషి. ముఖం చూసి ఎవరి సంచి వాళ్ళకు తీసి ఇచ్చేది, టోకెను అడిగేది కూడా కాదు. ఆ అక్క సెలవు పెట్టిన ఒక సంత రోజున రెండు సంచులు మారాయి. ఒకావిడ కొత్త చీర ఎటో పోయి, ఆమె ఇంటికి ఎండుచేపలు చేరాయి. మరుసటి వారం ఆమె వచ్చి, "పెండ్లికి ఎండుచేపలు గట్టుకొని పోవాల్నా సారూ?" అని అడిగితే కొట్టు మొత్తం నవ్వింది. నేను నవ్వలేదు. అది నాకు పరిష్కరించవలసిన లెక్కలాగా కనిపించింది.

వారం రోజులు కాగితాల మీద గీసి, ఒక పద్ధతి తయారు చేశాను. సంచుల అరలకు జాలీ తలుపు, దానికి తాళం. తాళంచెవి అక్క దగ్గర. బిల్లు కొట్టేటప్పుడు టోకెను నంబరు కూడా కంప్యూటర్లో ఎక్కించాలి, అది బిల్లు మీద అచ్చవుతుంది. టోకెనూ బిల్లూ రెండూ సరిపోతేనే సంచి. ఏమీ కొననివాళ్ళ కోసం సున్నా బిల్లు. ఆరు వారాల్లో ఒక్క సంచి కూడా మారలేదు. ఖమ్మం నుంచి పెద్ద యజమాని ఫోను చేసి మెచ్చుకొని, అదే పద్ధతి ఐదు కొట్లలోనూ పెట్టించాడు. మా మేనమామ బంధువులందరికీ చెప్పుకున్నాడు. కరెంటు పోతే ఏమిటని నేను ఆలోచించకపోలేదు. ఇన్వర్టరు ఇరవై నిమిషాలు పనిచేస్తుందని నా కాగితంలో రాసి ఉంది. ఇరవై ఒకటో నిమిషం గురించి ఏమీ రాసి లేదు.

ఎండలు ముదిరిన ఒక సంత రోజున, మేనేజరు ఖమ్మం మీటింగుకు పోయి ఉండగా, మధ్యాహ్నం మూడుంబావుకు గాలిదుమారం లేచి కరెంటు పోయింది. మూడూ ముప్పై అయిదుకు ఇన్వర్టరు కూడా ఆగింది. కొట్టులో అప్పటికి ఇరవై ఆరు మంది, జాలీ తలుపు వెనక పంతొమ్మిది సంచులు. చేతిరాత బిల్లులు ఇవ్వకూడదని యజమానుల గట్టి ఆజ్ఞ. ఫ్యాన్లు ఆగి, తలుపులు గాలికి కొట్టుకుంటూ, లోపల ఉక్క పెరుగుతూ ఉంటే, జనం బుట్టలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ, ముందుకు రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి జరుగుతూ, ఎవరి మట్టుకు వాళ్ళు గొణుక్కోవడం మొదలుపెట్టారు.

వరసలోంచి ఒకామె బయటికి వచ్చి నా బల్ల దగ్గర నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. బుట్టలో ఉప్పు, రెండు సబ్బులు, గ్లూకోజు పొట్లం. టోకెను నంబరు పద్నాలుగు.

"సారూ, నాలుగుంబావుకు మా బస్సు. ఇగ పొద్దున దాక లేదు. ఈ సామాన్లు నాకొద్దు. నా సంచి ఇయ్యి, పోత."

ఏమీ కొనకపోయినా సున్నా బిల్లు రావాలని, కరెంటు వచ్చాక ఇస్తానని చెప్పాను.

"కొనకపోతే బిల్లేంది బిడ్డా?"

వెనక నుంచి చాక్లెట్ల పెద్దాయన, "సున్నాకు గూడ కరెంటు కావాల్నంట అమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. తన మనవరాలికి మూడు రోజులుగా చలిజ్వరమని, పొద్దున్నే పిల్ల రక్తం తీసిన గాజుపలక పట్టుకొని పెద్ద దవాఖానాకు వచ్చిందని, మలేరియా అని చెప్పి గోలీలు ఇచ్చారని, మొదటిది ఈ సాయంత్రమే వెయ్యమన్నారని, ఆ గోలీలు సంచిలో ఉన్నాయని, పిల్ల దగ్గర ముసలాయన ఒక్కడే ఉన్నాడని, తొందర లేకుండా, ఒకదాని తరువాత ఒకటి చెప్పింది.

ఇక్కడ నేను చేసింది ఉన్నది ఉన్నట్టు రాయాలి. వరస తప్పించుకోవడానికి జనం చెప్పే కారణాల జాబితా ఒకటి నా దగ్గర ఉండేది. బస్సు, చంటిపిల్ల, ఇంట్లో రోగి, పొయ్యి మీద అన్నం, ఎదురుచూస్తున్న మొగుడు. ఆమె చెప్పినవి మొదటిదీ మూడోదీ. నేను అబద్ధమని అనుకోలేదు. నిజమా కాదా అని ఆలోచించనే లేదు. జాబితాలో ఉన్నదా లేదా అని మాత్రం చూశాను.

లాండ్‌లైన్ నుంచి మేనేజరుకు ఫోను చేశాను. ఒక్కరికి ఇస్తే ఇరవై మంది మీద పడతారని, అర తెరవొద్దని ఆయన అన్నాడు. నేను ఫోను పెట్టేసరికి అక్క కొంగుకు ఉన్న తాళంచెవి విప్పుతోంది.

"తమ్మీ, ఈమె సంచి నా చేతులతోటి నేనే తీసుకున్న. పై వరసల మూడోది. ఈమె ముఖం నాకెరుక లేదా? ఇచ్చేస్త."

నేను చెయ్యి చాపి తాళంచెవి అడిగాను. అక్క ముడి పూర్తిగా విప్పి, నా అరచేతిలో పెట్టింది. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాను. సంచి కోసం నిలబడిన ఆమె అది కూడా చూసింది.

ఆ తరువాతి అరగంట నాకు నిమిషాలతో సహా గుర్తుంది. ఆమె గుమ్మం దాకా పోయి బస్టాండు వైపు చూస్తుంది, తిరిగి వస్తుంది, జాలీలోంచి తన సంచిని చూస్తుంది, మళ్ళీ గుమ్మం దాకా పోతుంది. నేను ఇన్వర్టరు మూత విప్పి తీగలు కదిలిస్తాను, బిగిస్తాను, మీటరు పెట్టి చూస్తాను. అందులో ఏమీ లేదని నాకు తెలుసు. చేతులు ఊరుకోవడం లేదు, అంతే. నాలుగూ పదికి అవతల బస్సు హారను మోగింది. ఆమె నా బల్ల మీద టోకెను పెట్టింది.

"జాగ్రత్తగ పెట్టు బిడ్డా. అండ్ల గోలీలున్నయి," అంది. తరువాత కొంగు బిగించుకొని పరుగెత్తింది.

నాలుగూ నలభైకి కరెంటు వచ్చింది. నేను మొట్టమొదట చేసిన పని, పద్నాలుగో నంబరుకు సున్నా బిల్లు కొట్టడం. అది చక్కగా వచ్చింది. తేదీ, సమయం, నంబరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. దాన్ని పట్టుకొని వెళ్ళి, నియమం ప్రకారం తాళం తీసి, సంచి దించి, బల్ల మీద పెట్టి తెరిచాను. పేపరు ముక్కలో చుట్టిన గోలీలు. దవాఖానా చీటీ, దాని మీద పిల్ల పేరు, ఊరి పేరు, వయసు ఆరు అని. కడిగి బోర్లించిన అన్నం గిన్నె. తమలపాకులు. ఎర్ర రిబ్బను మూర. సంతలో కొన్న రెండు మామిడిపండ్లు, వాటిలో ఒకటి మెత్తబడింది. అక్క పక్కన నిలబడి చూసింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

వెంటనే బస్టాండు దగ్గర షేరు జీపుల వాళ్ళను అడిగాను. గాలికి ఆ బస్సు వెనకే దారిలో చెట్లు పడ్డాయని, ఆ పూట ఎవరూ రామన్నారు. ఒకతను, "నువ్వు ఎన్ని పైసలిచ్చినా చెట్టు లేస్తదా అన్నా?" అన్నాడు. మర్నాడు పొద్దున మొదటి బస్సెక్కి, దుమ్ముగూడెం దాటాక దిగి, చీటీ చూపిస్తూ దారి అడుగుతూ నాలుగు కిలోమీటర్లు నడిచాను. నడుస్తున్నంతసేపూ గంటలు లెక్కవేస్తూనే ఉన్నాను. వెయ్యమన్న వేళ దాటి ఎన్ని గంటలైంది, మూడు రోజుల జ్వరం మీద అన్ని గంటలంటే ఎంత, ఆ ఊళ్ళోకి అడుగు పెట్టగానే నాకు ఏడుపులు వినబడితే ఏం చేయాలి. నా డిప్లొమాలో దీనికి సూత్రం ఏదీ లేదు.

ఏడుపులు వినబడలేదు. తడకల పందిరి కింద మంచం మీద పిల్ల పడుకొని ఉంది, కళ్ళు తెరిచి ఉన్నాయి. రాత్రి జ్వరం ఎక్కువై ఒకసారి ఫిట్సు వచ్చిందని, అప్పుడు ఈమె పక్క గూడెం దాకా నడిచి పోయి, ఆరోగ్య కార్యకర్తను లేపి, ఆమె డబ్బాలో మిగిలి ఉన్న ఒక పూట గోలీలు తెచ్చి వేసిందని, ముసలాయన చెప్పాడు. రక్తం తీసి పలక ఇచ్చింది కూడా ఆ కార్యకర్తేనట. ఒక్క పూటకే ఉన్నాయి. రెండో పూటకు లేవు. నేను తెచ్చిన సంచి చూసి ఆమె గబగబా లేచి వచ్చి అందుకొని, పేపరు విప్పి, గోలీలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి.

నేను పందిరి కిందికి రాబోతుంటే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. నా భుజాన ఉన్న నా సొంత సంచి చూపించి, "అది బయటవెట్టి రా సారూ. మా ఇంట్ల గూడ రూలున్నది," అన్నాడు. నేను నిజంగానే సంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని గుంజకు తగిలించి, నా చేతిలో ఒక చింతగింజ పెట్టి, "పోగొట్టకు. మల్ల సంచి ఇయ్య," అని పగలబడి నవ్వాడు. మంచం మీద పిల్ల కూడా నవ్వింది. ఆమె అతన్ని తమ భాషలో ఏదో కసిరి, నాకు చెంబుతో జావ ఇచ్చింది. చల్లగా, పుల్లగా ఉంది. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుంది. నేను ఏవేవో చెప్పాను, రూలు అని, ఖమ్మం అని, మేనేజరు అని. ఆమె కోపంగా లేదు. అర్థం కాని ఒక సంగతి నన్నే అడిగి తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"తాళంచెవి నీ జేబులనే ఉండె గద బిడ్డా. మరి కరెంటు కోసం ఎందుకు సూసినవ్?"

జావ చెంబు కింద పెట్టాను. ఆమే లేచి, ఎండెక్కక ముందే పొమ్మని, దగ్గరి దారి చూపించింది.

తిరిగి వచ్చిన రోజే స్క్రూడ్రైవరు తీసుకొని ఆ జాలీ తలుపు ఊడదీశాను. మేనేజరు, ఎవరిని అడిగి తీస్తున్నావని అడిగాడు. నేను పెట్టిందే గనుక నేనే తీస్తున్నానన్నాను. ఖమ్మం నుంచి ఫోన్లు వచ్చాయి, మా మేనమామ నాతో రెండు నెలలు మాట్లాడలేదు. చివరికి భద్రాచలం కొట్టుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. మిగతా నాలుగింటిలో నా పద్ధతి ఆ కొట్లు మూతపడేదాకా నడిచింది. ఫిర్యాదుల పుస్తకంలో ఆమె ఫిర్యాదు రాద్దామని ఒకరోజు కూర్చున్నాను. ఆలోచించి చూస్తే ఆమె ఫిర్యాదు ఏదీ చేయలేదు. ఒక ప్రశ్న అడిగింది. ప్రశ్నలకు ఆ పుస్తకంలో గడి లేదు.

ఇప్పుడు అన్నీ మారాయి. అడవి ఊళ్ళకూ రోడ్లు పడ్డాయి, రోజుకు చాలా బస్సులు, ఫోనులో వేలు నొక్కితే ఉప్పూ సబ్బూ గుమ్మంలోకే వస్తాయి. సంచి ఎవరూ అడగరు, మనిషిని ఆపరు. ఏదైనా ఆగిపోయినప్పుడు మాత్రం, ఎవరిని అడగాలో తెలియదు. ఆ రోజుల్లో మేం జనాన్ని చాలా విసిగించాం, కానీ వాళ్ళు మా ముఖం మీదే అనేవాళ్ళు, మేం వినేవాళ్ళం, విని తప్పే చేసేవాళ్ళం. ఆ తప్పుకు ఒక ముఖం ఉండేది. ఇరవై మూడేళ్ళ నా ముఖం. దాన్ని వెతుక్కుంటూ ఎవరైనా వచ్చి తిట్టవచ్చు, లేదా ఇంటికి వస్తే జావ ఇవ్వవచ్చు.

ఆ తరువాత నేను ఆ కొట్టులో ఎనిమిది నెలలు పనిచేశాను. ప్రతి సంత రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆ బస్సు వెళ్ళేదాకా గుమ్మం దగ్గరే ఏదో ఒక పని పెట్టుకునేవాడిని. ఆ దారి ఊళ్ళవాళ్ళు వచ్చేవాళ్ళు. పిల్ల బడికి పోతోందని వాళ్ళలో ఒకరు చెప్పారు. ఆమె సంతకు వస్తూనే ఉందని, ఉప్పూ సబ్బూ అవతలి వీధి కిరాణం కొట్టులో కొంటోందని అక్క చెప్పింది. మా కొట్టుకు రాలేదు. ముప్పై నాలుగు సంతలు.